రష్యా జొరం నాటి చలికాలం

పెందుర్తిలో మా ఫ్లాటు వంటగదికి ఒకటే కిటికీ. బంగాళాదుంపల్ని తొక్కతోనే ఉడకబెట్టి గిన్నె మూత తీస్తే, తడిమట్టి వాసన కలిసిన వేడి ఆవిరి బయటికి పోయే దారి దొరక్క ముందు నా మొహాన్నే పలకరిస్తుంది. నాకు తెలియకుండానే కళ్ళు మూసుకుంటాను, కొంగు తలమీదికి లాక్కుంటాను, గిన్నె మీదికి వంగి గుండెల నిండా పీల్చుకుంటాను. "కూర చేస్తున్నావా, పూజ చేస్తున్నావా?" అని మా అమ్మాయి నవ్వుతుంది. దానికి ఏమని చెప్పను? అరవైకి దగ్గరపడిన నేను ఆ ఒక్క నిమిషం తొమ్మిదేళ్ళ పిల్లనైపోయి, వన్ టౌన్‌లో మా పెంకుటింటి వరండాలో, గొంగళి ముసుగు కింద, తమ్ముడి తలకి తల ఆనించి కూర్చుని ఉంటాను.

మా ఇల్లు హార్బరుకి వెళ్ళే రోడ్డులోంచి చీలిన సందులో ఉండేది. నాన్న పోర్టులో క్రేన్ డ్రైవరు. ఓడల్లోకి ఎత్తే ఇనుప ఖనిజం ధూళి గాలి ఎటు వీస్తే అటు ఎగిరొచ్చి మా పెంకుల మీద, దొడ్లో కరివేపాకు మీద, దండెం మీది బట్టల మీద ఎర్రగా వాలేది. పొద్దున్న తెల్లగా ఆరేసిన పంచె సాయంత్రానికి లేత గులాబీరంగు తిరిగేది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి చెవులు కడుక్కుంటే కాలవలో నీళ్ళు పసుపూ సున్నమూ కలిపినట్టు పారేవి. ఓడ కూత వినబడితే అది లోపలికొస్తోందో బయటికి పోతోందో మా నానమ్మ మంచం మీంచే చెప్పేది. నానమ్మ విజయనగరం అవతల పల్లెలో చోళ్ళూ వరీ పండించిన మనిషి. పట్నం వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆవిడ మాట మాత్రం ఆ పొలం గట్టు దిగలేదు.

మా ఇంటి మేడగదిలో మోహన్ మావయ్య అద్దెకుండేవాడు. సొంత మావయ్య కాదు. నాన్నని "బావా" అని పిలిచేవాడు గనక మాకు మావయ్య అయ్యాడు. ఓడల్లో ఇంజనీరు. చదువుకోడానికి రష్యా వెళ్ళి, అక్కడమ్మాయిని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఆవిడ పేరు లీదా. నానమ్మ నోట్లో అది మొదటిరోజే లీలమ్మ అయింది, మాకు లీలత్త. పాలలో చిటికెడు కుంకుమ కలిపినట్టుండే చెంపలు, ఎండుగడ్డి రంగు జుట్టు, మోకాళ్ళ పైకి ఎగజెక్కిన నేత చీర. మావయ్య ఓడెక్కితే నెలల తరబడి రాడు. ఆ నెలలన్నీ ఆవిడ మా వరండాలోనే ఉండేది. తెలుగు నేర్చుకున్నది నానమ్మ దగ్గరే కాబట్టి ఆవిడకి పుస్తకంలో తెలుగు ఒక్క ముక్క రాదు. "ఏటి సేత్తన్నావ్, గుంటా?" అని అడిగేది నన్ను, ట పలకక "ఏతి" అంటూ. మా స్కూల్లో టీచరమ్మ మాన్పించాలని చూసే మాటలన్నీ అంత తెల్లటి మనిషి నోట వినబడుతుంటే, మా ఇంటి భాష సముద్రాలు దాటి తిరిగొచ్చినంత గొప్పగా అనిపించేది నాకు.

ఆ ఏడు పుష్యమాసంలో చలి బాగానే వేసింది. అంటే మా లెక్కలో బాగా. పొద్దున్నే మాకు మంకీ టోపీలు తొడిగి, చెవుల్లో దూది కుక్కి, నానమ్మ కుంపటి ముందు కూర్చోబెట్టేది. లీలత్త మాత్రం చన్నీళ్ళు పోసుకుని, తడిజుట్టు విరబోసుకుని మెట్ల మీద ఎండకి కూర్చుని మా టోపీలు చూసి పొట్ట పట్టుకుని నవ్వేది.

అప్పుడే జొరం వచ్చింది. ముందు పేపర్లో వచ్చింది, తరవాత ఊళ్ళోకి వచ్చింది. ప్రపంచమంతా తిరుగుతోందనీ, రష్యా నుంచి బయల్దేరిందనీ రాశారు. మా సందులో దానికి రష్యా జొరం అని పేరు స్థిరపడింది. ఆ పేరు పెట్టిన దగ్గర్నుంచీ జనం చూపు మా మేడమెట్ల మీదే. కుళాయి దగ్గర లీలత్త బిందె పెడితే పక్కావిడ తన బిందె జరుపుకునేది. పాలవాడు చెంబు మెట్ల కిందే పెట్టి పోయేవాడు. ఒకరోజు పిల్లలు గోడ అవతల నుంచి "రష్యా జొరం, రష్యా జొరం" అని పాటలా పాడారు. లీలత్తకి ఆ రెండు మాటలూ అర్థమయ్యాయి. మర్నాటి నుంచి నీళ్ళకి రావడం మానేసింది.

నానమ్మ కుళాయి దగ్గరికి తనే బిందె చంకన పెట్టుకుని వెళ్ళింది. ఆడవాళ్ళందరూ ఉండగా గట్టిగా అంది: "జొరానికి ఊరూ పేరూ ఏటే? నా పెనిమిటిని మసూచి పట్టికెల్లిపోనాది. అది ఏ ఊర్నించొచ్చినాదో ఎవులైనా అడిగినారేటి?" అయినా బిందెలు దగ్గరికి రాలేదు.

మా ఇంట్లో ముందు పడింది నాన్న. పోర్టు నుంచి మధ్యాహ్నానికే వచ్చేసి, ఒళ్ళు విరగ్గొట్టినట్టుందని చాప మీద వాలాడు. తరవాత తమ్ముడు, ఆ వెనకే నేను. నాకు ఆ రెండురోజుల్లో కళ్ళ వెనక నొప్పీ, పైకప్పు దూలాలు దగ్గరికి వచ్చి వెనక్కి పోవడమూ తప్ప ఏమీ గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి లీలత్త మా ఇంట్లో ఉంది. నాన్న పాత పంచె చింపి, ముక్కూ నోరూ కప్పేలా నాలుగు మడతల గుడ్డ కట్టుకుంది. అందరికీ అలాంటివే కుట్టింది. వాటిని రోజూ పెద్ద గుండిగలో మరగబెట్టి దండెం మీద ఆరేసేది. ఉల్లిపాయలు చక్రాల్లా కోసి సాసర్లలో పెట్టి ప్రతి గది మూలా ఉంచింది. ఇల్లంతా పచ్చి ఉల్లిపాయ కంపు. నానమ్మ వాసన చూసి, "మాకాడా ఇదే సేత్తారు, కాకపోతే గుమ్మానికి కడతారు," అని ఊరుకుంది. లీలత్త ఆవపిండి నూరి మా పాదాలకి పట్టువేసి మేజోళ్ళు తొడిగినప్పుడైతే నానమ్మ మొహం విప్పారింది. అంత దూరాన ఉన్న ముసలమ్మలకి కూడా ఆవాల సంగతి తెలుసా అని ఆవిడకి పట్టరాని ఆశ్చర్యం.

ఇక బంగాళాదుంపలు. గిన్నెడు దుంపలు తొక్కతో ఉడకబెట్టి, నీళ్ళు వంచేసి, ఆ గిన్నె మా ముందు పెట్టి, పైనుంచి గొంగళి కప్పేసేది. లోపల చీకటి, ఉక్క, మట్టివాసన, తమ్ముడి ముక్కు చీదుడు. బయట్నించి లీలత్త గొంతు: "ఊపిరి తియ్యి. ఇంకా తియ్యి. నీను పదీ అన్నదాకా తియ్యి." నానమ్మలా "నేను"ని "నాను" అనలేక "నీను" అనేది పాపం. ముసుగు తీశాక అవే దుంపలకి ఉప్పూ, వెన్నా రాసి మాకు తినిపించేది. మందునే తినెయ్యవచ్చని తెలిసి మేం మురిసిపోయాం.

పేచీ అంతా కిటికీల దగ్గర వచ్చింది. నానమ్మ మూసేది, లీలత్త తెరిచేది. "సలిగాలి తగిలితే గుంటలు సచ్చిపోతారే," అని ఈవిడ, "గాలి నేకపోతే సచ్చిపోతారు," అని ఆవిడ. చివరికి మమ్మల్ని ముక్కు తప్ప కనబడకుండా బొంతలు చుట్టబెట్టి కిటికీ తెరిచేటట్టు ఒప్పందం కుదిరింది.

స్కూలు మూసేశారు, వీధిలోకి వెళ్ళకూడదు, జొరం తగ్గిన నీరసం. ఆ మధ్యాహ్నాలు వరండాలో బొంతల్లో కూర్చుని మేం లీలత్త ఊరికి వెళ్ళొచ్చేవాళ్ళం. ఆవిడదీ మాలాగే ఓడల ఊరే. అక్కడి సముద్రం పేరు తెల్ల సముద్రం. ఆవిడ నాకంటే చిన్నగా ఉన్నప్పుడు అక్కడా ఇలాంటి జొరమే వచ్చి, ఊరు ఊరంతా తలుపులు వేసుకుందిట. పొయ్యి ఇంట్లో ఒక గోడంత ఉంటుందిట, ఇటుకలతో కట్టినది, దానిమీదే పక్కలు వేసుకుని పిల్లలు పడుకుంటారుట. కిటికీకి రెండేసి అద్దాలు, మధ్యలో దూది. ఐనా పొద్దున్న లేచేసరికి అద్దం మీద మంచు తనంతట తనే ఆకులూ రెమ్మలూ ముగ్గేసి ఉంచేదిట. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికే చీకటి. పాలు లీటరు లెక్కన కాదు, గిన్నెలో గడ్డకట్టించి, బిళ్ళలు బిళ్ళలుగా తాడుకి గుచ్చి అమ్మేవారుట. ఉతికిన దుప్పటి బయట ఆరేస్తే చెక్కలా బిగుసుకుపోయేదనీ, దాన్ని నిలువునా పట్టుకుని గుమ్మంలోంచి లోపలికి తేవడానికి ఇద్దరు కావాలనీ చెప్తే, తమ్ముడు దండెం మీది తన చొక్కా వంక అనుమానంగా చూశాడు. జొరం ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు సూపు గిన్నె గుమ్మం ముందు పెట్టి తలుపు తట్టి వెళ్ళిపోయేవారుట. తలుపు తీయడం ఆలస్యమైతే సూపు రాయి అయిపోయేది. వాళ్ళమ్మ గది మధ్యలో కట్టిన తెర వెనక పడుకునేదిట, వాళ్ళ నాన్న కట్టెలు కొడుతుండేవాడుట.

"సంద్రం గడ్డకడతాది," అంది ఒకరోజు. "దాని మీద నడిసి అవతలికి ఎల్తారు. బండ్లు ఎల్తాయి."

నానమ్మ పోగాకు చుట్ట నోట్లోంచి తీసింది. "ఓలమ్మో! ఈ మాట కుళాయికాడ సెప్పకు లీలమ్మా. జొరం ఒగ్గేసి పిచ్చంటారు."

చాప మీద పడుకున్న నాన్న తల తిప్పాడు. రోజూ సముద్రం అంచున, అంత ఎత్తున క్రేన్లో కూర్చునే మనిషి. "మరి ఓడలేటి సేత్తాయి లీలమ్మా?" అని అడిగాడు.

"నిలబడిపోతాయి. ఎండొచ్చే వరకూ, అలాగే, నోరు మూసుకుని."

కదలని ఓడలూ, తెల్లటి సముద్రమూ నాన్న కళ్ళముందు అలా పరుచుకుని ఉండటం నాకు కనబడుతూనే ఉంది. నేనైతే ఆ రోజునుంచీ మా హార్బరు గడ్డకట్టినట్టు, నేను గొడుగేసుకుని ఎర్రదుమ్ము సందులోంచి తిన్నగా అవతలి ఒడ్డున ఉన్న యారాడ కొండ దాకా నీళ్ళ మీద నడుచుకుపోతున్నట్టు ఊహించుకుంటూ గడిపేదాన్ని.

మేమందరం లేచి తిరుగుతున్నామనుకునేసరికి అమ్మ పడింది. అన్నాళ్ళూ అందరికీ గంజి కాచి, బట్టలుతికిన అమ్మ. అందరికంటే గట్టిగా పట్టుకుంది ఆమెని. మూడోరోజుకి మమ్మల్ని గుర్తుపట్టడం మానేసింది. ఊపిరి తీస్తుంటే లోపల ఎండుటాకులు నలిగినట్టు చప్పుడు. లీలత్త అమ్మ వీపు మీద చెవి ఆనించి విని, వెంటనే నాన్నని డాక్టరు కోసం పంపింది. కాళ్ళు ఇంకా వణుకుతూనే నాన్న గోడలు పట్టుకుని వెళ్ళి తీసుకొచ్చాడు. ఊపిరితిత్తులకి నెమ్ము చేరిందన్నాడాయన. పెద్దాసుపత్రిలో నేలమీద కూడా చోటు లేదు, ఇంట్లోనే ఉంచండి, రోజూ వచ్చి ఇంజక్షన్ చేస్తాను, ముందు ఈ జ్వరం దిగాలి, దొరికితే ఐసు పెట్టండి అని వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో మా సందులో ఎవరింట్లోనూ ఫ్రిజ్ లేదు. లీలత్త గోనెసంచి ఒకటి చేత్తో పట్టుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, అన్నాళ్ళుగా తొక్కని వీధిలోకి దిగింది. చేపల హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఉండేది, పడవలవాళ్ళ కోసం. మిట్టమధ్యాహ్నం రిక్షాలో తిరిగొచ్చింది. తను కింద కాళ్ళు పెట్టుకునే చోట కూర్చుని, సీటు మీద రంపపు పొట్టు నింపిన గోనె మూటని రెండు చేతులా వాటేసుకుని ఉంది. దాన్నుంచి కారిన నీళ్ళు ఎర్రదుమ్ములో సందు మొగ నుంచి మా గుమ్మం దాకా నల్లటి గీత గీశాయి. ఆ గీత వెంట ప్రతి ఇంటి తలుపులోనూ ఒక మొహం.

నానమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "జొరం మనిషికి ఐసేటే? సంపేత్తావేటి నా కోడల్ని?"

"డాక్టరు సెప్పినాడు, నానమ్మా. తప్పుకో."

"సెప్తాడు. ఆడికేటి? సలి లోపలికి దిగితే ఇంక పైకి రాదు. నాను తప్పుకోను."

లీలత్త మూట మెట్టు మీద దించింది. మొహం మీది గుడ్డ లాగేసింది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా నేను వినడం అదొక్కసారే. "నా అమ్మ ఇలాగే పడుకున్నాది. ఒళ్ళు పొయ్యి. బయట అంతా మంచే నానమ్మా, ఊరంతా మంచు, కప్పు మీద మంచు. ఎవులూ ఒక గుప్పెడు తేలేదు. సలి తగుల్తాదన్నారు. కిటికీ మూసేసినారు. నీను పొయ్యి మీంచి సూత్తన్నాను. సిన్నదాన్ని." ఆపైన తెలుగు చాల్లేదు ఆవిడకి. చేతులు మాత్రం ఇలా ఖాళీగా ముందుకి చాపింది.

తెర వెనక పడుకున్న ఆ తల్లి సంగతి అన్ని కథల్లోనూ వింటూ కూడా, ఆమె ఎప్పుడు లేచిందని మేం ఒక్కసారీ అడగలేదని నాకప్పుడు తట్టింది. నానమ్మ ఆ ఖాళీ చేతుల వంక చూసింది. పక్కకి తప్పుకుంది. తప్పుకోవడమే కాదు, వంగి మూటకి ఒక కొస తను పట్టుకుంది.

వరండాలో గోనె విప్పారు. రంపపు పొట్టు మీద రెండు చెంబుల నీళ్ళు పోసేసరికి లోపలి దిమ్మ బయటపడింది. అంత ఐసు నేను అదే చూడటం. తమ్ముడంత పొడవు. అంచుల దగ్గర అద్దంలా ఉండి, లోపలికి పోను పోను పాలలా చిక్కబడి, నడుమ వెంట్రుకల్లాంటి సన్నటి బుడగల గీతలు. ఎండ దానిలో దూరి విరిగి, మా ఎర్రబారిన గోడ మీద, నానమ్మ మొహం మీద, నాన్న బనీను మీద తునకలు తునకలుగా వణికింది. దిమ్మ మీంచి తెల్లటి పొగ పైకి లేవకుండా పక్కలకి జారి నేల మీద పాకింది. వేడి లేని పొగ! దాన్ని పట్టుకోవాలని చెయ్యి పెట్టాను, వేళ్ళు కరిచినట్టయి లాగేసుకున్నాను. గోడ అవతలి పిల్లలు కూడా గోడెక్కి, నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయారు.

లీలత్త మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులూ దిమ్మ మీద ఆనించింది. మేమైతే చెయ్యి పెట్టలేని దాని మీద ఆవిడ చేతులు అలా తీయకుండా ఉంచింది. తరవాత వంగి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. చంటిపిల్లలు తల్లి పొట్టమీద ఆనిస్తారే, అలా. వాళ్ళ భాషలో ఒక మాట అంది. ఒక్క క్షణమే. వెంటనే లేచి, రోకలి తీసుకుని ఒక మూల పగలగొట్టడం మొదలుపెట్టింది.

ముక్కలు రబ్బరు సంచిలో వేసి అమ్మ తలమీద, గుడ్డలు తడిపి చేతుల మీద, పాదాల మీద. గుడ్డ వేసిన కాసేపటికే గోరువెచ్చనైపోయేది. "నాన్నకి గుడ్డ ఇవ్వద్దు, ఆడు ఇంకా నీరసం," అని లీలత్త ఒక్కతే చేస్తుంటే, నానమ్మ ఎదుటికొచ్చి కూర్చుని గిన్నెలో చెయ్యి ముంచింది. "అమ్మో, ఏలు కొరికేత్తన్నాది," అంటూనే పిండి, వేసి, మళ్ళీ ముంచింది. మర్నాడూ ఐసు వచ్చింది, ఆ మర్నాడూ. రిక్షావాడు అడగకుండానే తెచ్చి దించేవాడు. డాక్టరు వచ్చి సూది వేసి, గొట్టం పెట్టి విని, తల ఊపి వెళ్ళేవాడు. ఆ ఊపు మంచికో చెడుకో మాకు తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం అమ్మ పై పెదవి మీద చెమట పట్టింది. ఆవగింజలంత చుక్కలు. లీలత్త ముందు చూసింది, వేలితో అద్ది నానమ్మకి చూపించింది. కాసేపటికి అమ్మ కళ్ళు తెరిచి, గుమ్మం వంక చూసి, పీలగొంతుతో, "కుళాయిలో నీలొచ్చినాయా?" అంది.

నానమ్మ గడప మీద కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా, "ఒచ్చినాయే తల్లీ, ఒచ్చినాయి," అంటూనే ఉంది. నిజానికి ఆ వేళప్పుడు కుళాయి రాదు.

తరవాత సంగతి చెప్పాలంటే, జొరం ఒక్కో ఇల్లూ దాటుకుంటూ సందంతా తిరిగింది. బిందె జరుపుకున్న పక్కావిడే ఒకరోజు మా గుమ్మం బయట నిలబడి, తల దించుకుని, "లీలమ్మగారూ, మా ఆయనకి ఎగూపిరొచ్చేత్తన్నాది. ఓసారి సూత్తారేటి?" అని పిలిచింది. లీలత్త ముఖానికి గుడ్డ కట్టుకుని, సంచిలో దుంపలు వేసుకుని వెళ్ళింది. ఆ ఇంటికీ, దాని పక్కింటికీ, ఆ వెనక వీధికీ. జొరం పేరులోంచి రష్యా అన్న మాట ఎప్పుడు రాలిపోయిందో ఎవరూ గమనించలేదు.

వేసవిలో మోహన్ మావయ్య ఓడ దిగాడు. బొంబాయికి బదిలీ అయింది. వెళ్ళే రోజు నానమ్మ చోడిపిండి మూట కట్టి చేతిలో పెట్టింది. "అంబలి కాసుకో. పాపం, అక్కడ ఎవులికీ కాయడం రాదు," అంది. కొన్నేళ్ళకి వాళ్ళు ఆవిడ దేశానికే వెళ్ళిపోయారని పోర్టులో ఎవరో నాన్నకి చెప్పారు. అంతే తెలుసు.

ఇప్పుడు ఆ సందులో మా పెంకుటిల్లు లేదు, అక్కడొక లాడ్జి లేచింది. నానమ్మ పోయింది, నాన్న పోయాడు. తమ్ముడు మద్దిలపాలెంలో ఉంటాడు, పండక్కో పబ్బానికో వస్తాడు. మా ఇంట్లో ఇప్పుడు "నాను" అనేది అమ్మ ఒక్కతే. ఎనభై దాటింది, నా దగ్గరే ఉంటుంది.

మొన్నటి కరోనా రోజుల్లో తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్న ఒక మధ్యాహ్నం, "అమ్మా, నీకు ఆ జొరం గుర్తుందా?" అని అడిగాను.

"జొరం గుర్తు నేదు. పాట గుర్తున్నాది," అంది.

మా ఇంట్లో ఎవరూ పాట విన్నట్టు చెప్పలేదు. నాకూ తెలియదు. ఏ పాట అన్నాను.

"ఎవులో పాడేవోరు. నా సెవికాడే, సన్నగా, నాకు తప్ప ఇంకెవులికీ వినబడకుండా. మాటలు తెలీవు గాని అది జోలపాటే. జోలపాట ఏ బాసలో పాడినా తెలుస్తాదిలే." ఆగి, కళ్ళు మూసుకుని, గొంతులోనే ఒక రాగం తీసింది. తెలుగు నేల మీద పుట్టిన రాగం కాదు. పైకి పోయి, వెనక్కి తిరక్కుండా, పక్కకి జారి, అక్కడే నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ అది ఈ మనిషి లోపల ఉందా! నలభై ఏళ్ళుగా రోజూ పక్కనే ఉండి నేనెందుకు అడగలేదు? రెండు చరణాల పాటు సాగి, "తరవాత ఏటో..." అని ఆగిపోయింది.

పోయినేడు మళ్ళీ అడిగాను, ఈసారి ఫోన్లో పట్టి ఉంచుదామని. పక్కనే కూర్చుని, లీలత్త పాడేదే, ఆ పాట పాడమ్మా అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసి, మర్యాదగా, కొత్తమనిషితో మాట్లాడినట్టు, "ఏ పాటమ్మా?" అంది.